పంటి బిగువున దాటే కాలం

ఆ కాగితం చాలాకాలం నా అలమర సొరుగులోనే ఉంది. కరెంటు బిల్లులకూ బ్యాంకు రసీదులకూ మధ్య నాలుగు మడతలు పడి ఉండేది. దాని మీద పంటి డాక్టరు గారు పెన్సిలుతో వేసిన చిన్న బొమ్మ: ఒక దవడ పన్ను, దాని నెత్తిన గుండ్రంగా నల్లటి చుక్క. పక్కన ‘ఫిల్లింగ్’ అని ఒక్క మాట, దాని కింద ఖర్చు. 2009 మొదట్లో సంగతి ఇది. నేను పనిచేసే చోట అప్పటికే ఒక విడత ఉద్యోగాలు తీసేశారు. మిగిలినవాళ్ళ జీతాల్లో కోత పెట్టారు. “ఇప్పుడైతే అరగంట పనండీ. ఆలస్యమైతే లోపల నరం దాకా పోవచ్చు” అన్నారావిడ. “రెండు మూడు నెలలు చూసుకుని వస్తానండీ” అన్నాను. ఆ మాటకు అర్థమేమిటో ఇద్దరికీ తెలుసు. ఆవిడ బలవంతపెట్టలేదు.

రెండు మూడు నెలలు పద్నాలుగు నెలలయ్యాయి. మొదట్లో చల్లటి నీళ్ళు తాగితే ఎడమ వైపు జివ్వుమనేది. నీళ్ళను కుడి బుగ్గకు తోసి మింగడం అలవాటు చేసుకున్నాను. నమలడమూ కుడి వైపే. నాలుక మాత్రం ఊరుకునేది కాదు. పనిలో ఉన్నా, రాత్రి నిద్ర పట్టకపోయినా వెళ్ళి ఆ గుంట అంచును తడిమి వచ్చేది. ఒకరోజు ఆ అంచు కాస్త విరిగింది. తర్వాత వరసగా ఐదు రాత్రులు సలుపు, చెవి దాకా పాకేది. నొప్పి మాత్రలతో నెట్టుకొచ్చాను. ఆరో రోజున నొప్పి ఉన్నట్టుండి మాయమైంది. ఎంత తేలికపడ్డానో చెప్పలేను. తగ్గిపోయిందనే అనుకున్నాను. తీరా చూస్తే లోపలి నరం చచ్చిపోవడం వల్లే నొప్పి తెలియలేదు. మూడు వారాలకు దవడ వాచి నోరు తెరవడం కష్టమైంది. రూట్ కెనాల్ చేసి పైన క్యాప్ వేస్తే పన్ను నిలిచేది. దానికయ్యే ఖర్చు సొరుగులోని కాగితం మీది అంకెకు ఎన్నో రెట్లు. పీకించుకోవడం చవక. పీకించుకున్నాను.

2009 లెక్కలు తీస్తే నేను పంటి వైద్యంలో డబ్బు మిగుల్చుకున్నట్టే కనబడుతుంది. గణాంకాలు చెప్పేదీ అదే: ఆర్థిక మాంద్యం వచ్చినప్పుడు జనం దంతవైద్యం మీద ఖర్చు తగ్గించుకుంటారు. ఈ వాక్యం ఎక్కడ చదివినా నాకు ఆ సొరుగే గుర్తొస్తుంది. ఇందులో సగం నిజమే ఉందని నా వాదన. తగ్గేది ఆ ఏడాది ఖర్చు. తర్వాత అదే ఖర్చు వేషం మార్చుకుని వస్తుంది. ఫిల్లింగ్ కావలసింది రూట్ కెనాల్ అవుతుంది, దంతవైద్యుడి దగ్గర అరగంటలో తేలవలసింది ఆసుపత్రి అత్యవసర విభాగం దాకా పోతుంది, ఒక కుటుంబం భరించవలసింది ఎక్కడో ప్రభుత్వ పద్దులోకి చేరుతుంది. పోయిన పన్ను మాత్రం ఎవరి పద్దులోనూ చేరదు.

వాయిదా వేసినవాళ్ళను తెలివితక్కువ వాళ్ళనడం తేలిక. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నావని నన్నూ చాలామంది మందలించారు. సామెత సరైనదే. కానీ గోటితో తీయడానికి కూడా ఆ నెల చేతిలో డబ్బుండాలి. ఇంటి అద్దెకు గడువు తేదీ ఉంది. అప్పు వాయిదాకు ఉంది. పిల్లల ఫీజుకు ఉంది, దాటితే ఫోను వస్తుంది. పుచ్చిన పంటికి గడువు తేదీ లేదు. పైగా మొదట్లో అది నొప్పి కూడా పెట్టదు. పంటి పైపొర ఎనామిల్‌లో నరాలు లేవు, జీవకణాలూ లేవు. మన ఒంట్లో అంతకంటే గట్టి పదార్థం మరొకటి లేదు గాని, ఒకసారి గుంట పడితే దాన్ని పూడ్చుకునే శక్తి దానికి లేదు. విరిగిన ఎముక అతుక్కుంటుంది, తెగిన చర్మం మూసుకుంటుంది. ఎనామిల్‌ను తయారుచేసిన కణాలు మాత్రం పన్ను చిగురును చీల్చుకుని పైకి వచ్చేసరికే అంతరించిపోతాయి. పుచ్చు ఆ పొరను దాటడానికి తరచుగా ఏళ్ళు పడుతుంది. దాని కింద ఉండే డెంటిన్ మెత్తన. అక్కడికి చేరాక వేగం పెరుగుతుంది. మనకు జివ్వుమని తెలిసేది కూడా అప్పుడే.

ఈ నిదానమే మనల్ని మోసం చేస్తుంది, లెక్కలు రాసేవాళ్ళను కూడా. అమెరికాలో పుట్టి ప్రపంచమంతా పాకిన ఆ మాంద్యం అక్కడి అధికారిక లెక్క ప్రకారం 2007 డిసెంబరులో మొదలై 2009 జూన్‌లో ముగిసింది. నిరుద్యోగం 10 శాతానికి చేరింది ఆ ‘ముగింపు’ తర్వాత, 2009 అక్టోబరులో. నోళ్ళలో దాని ఫలితం బయటపడడానికి ఇంకా ఆలస్యమవుతుంది. నా పన్ను పోయింది 2010లో. అప్పటికి పత్రికల్లో కోలుకుంటున్నామనే వార్తలు వస్తున్నాయి. ఆ రోజు ఆ కుర్చీలో కూర్చున్న నన్ను మాంద్యం బాధితుల పట్టికలో ఎవరు రాసుకుంటారు?

ఇంకో సంగతి చెప్పాలి. ఉద్యోగం పోయినవాళ్ళు మాత్రమే ఆగిపోతారనుకుంటే పొరపాటు. నాకు ఉద్యోగం పోలేదు. పక్క కుర్చీలు ఖాళీ అవుతుంటే మధ్యాహ్నం పూట సెలవడగడానికి నోరు రాలేదు. ఎవరి పేరు జాబితాకు ఎక్కుతుందో తెలియని రోజుల్లో పంటి కోసం రెండు గంటలు కనబడకుండా పోవడమా? జీతం పూర్తిగా అందుకుంటున్నవాళ్ళు కూడా ఆ ఏడాది ఏ ఖర్చుకైనా భయపడ్డారు. చేతిలో డబ్బు లేకపోవడం ఒక రకం, ఉన్న డబ్బును ముట్టుకోవడానికి ధైర్యం లేకపోవడం మరో రకం.

అయితే గుండెనొప్పిని ఎవరూ ఇలా వాయిదా వేయరు. పంటికే ఎందుకీ గతి? చాలా దేశాల్లో పంటి ఖర్చును రోగి తన జేబులోంచే భరించాలి. బీమా ఉన్నా అది పళ్ళను విడిగా చూస్తుంది, లేదా ఏడాదికి ఇంతేనని గీత గీస్తుంది. ఈ వేరు కాపురం పాతదే. ప్రపంచంలో మొట్టమొదటి దంతవైద్య కళాశాల 1840లో అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో, బాల్టిమోర్ నగరంలో ఏర్పడింది, వైద్య కళాశాలలతో సంబంధం లేకుండా. ఆ వృత్తి తనకంటూ ఒక శాస్త్రాన్ని, గౌరవాన్ని సంపాదించుకోవడానికి అది సాయపడిందని ఒప్పుకుంటాను. కానీ చదువులో పడిన ఆ గోడ తర్వాత బీమాలోకీ ప్రభుత్వ బడ్జెట్లలోకీ వచ్చింది. నోరు శరీరంలో భాగం కాదన్నట్టు, పంటి వైద్యం ఇష్టమైతే చేసుకునే ఖర్చన్నట్టు నియమాలు తయారయ్యాయి. కెనడాలో అందరికీ ప్రభుత్వ వైద్య బీమా ఉన్నా దంతవైద్యం దశాబ్దాల తరబడి బయటే ఉండిపోయింది. తక్కువ ఆదాయం వాళ్ళ కోసం పథకం దశలవారీగా మొదలైంది 2023 చివర్లో.

ఖజానా బిగుసుకున్నప్పుడు కత్తి మొదట ఎక్కడ పడుతుందో చూస్తే ఈ గోడ ఎంత ఎత్తుందో తెలుస్తుంది. బ్రిటన్‌లో 1948 జులైలో జాతీయ ఆరోగ్య సేవ మొదలైనప్పుడు పంటి వైద్యం కూడా ఉచితమే. ఏళ్ళ తరబడి పాడైన నోళ్ళతో బతికినవాళ్ళు ఒక్కసారిగా వచ్చారు. కట్టుడు పళ్ళకు వచ్చిన గిరాకీ ప్రభుత్వ అంచనాలన్నిటినీ దాటిపోయింది. కొరియా యుద్ధకాలంలో ఆయుధాల ఖర్చు పెరిగి డబ్బు కావలసి వచ్చేసరికి, 1951లో ఆ ఉచిత సేవలో మొదటి రుసుము పడింది కట్టుడు పళ్ళ మీదా కళ్ళజోళ్ళ మీదానే. ఆ సేవను నిర్మించిన మంత్రి అన్యూరిన్ బెవన్ దీనికి నిరసనగా మంత్రివర్గం నుంచి తప్పుకున్నారు. మరుసటి ఏడాది మామూలు పంటి వైద్యానికీ రుసుము వచ్చింది. రాజీనామా ఇచ్చేంత పెద్ద విషయమా అని అప్పుడు అనుకున్నవాళ్ళుంటారు. నాకైతే ఆయన సరైన చోటే కాలు మోపారనిపిస్తుంది.

2009లో కాలిఫోర్నియాలో జరిగింది ఇంతకంటే కఠినం. అమెరికాలో పేదల వైద్య బీమా అయిన మెడికెయిడ్ కింద పిల్లల పంటి వైద్యం తప్పనిసరి, పెద్దలది మాత్రం రాష్ట్రాల ఇష్టం. లోటు బడ్జెట్‌తో సతమతమవుతున్న కాలిఫోర్నియా ఆ ఏడాది జులై నుంచి పెద్దల పంటి వైద్యాన్ని దాదాపు మొత్తంగా తీసేసింది. సుమారు 30 లక్షల మంది మీద ఆ దెబ్బ పడింది. నొప్పి భరించలేని స్థితిలో చేసే అత్యవసర సేవలు, పన్ను పీకడం లాంటివి మాత్రం మిగిలాయి. దీని గురించి కాసేపు ఆలోచించాలి. పన్ను కాపాడడానికి డబ్బులివ్వం, పీకడానికిస్తాం. ఒక పేద ఇంట్లో నిస్సహాయంగా తీసుకునే నిర్ణయాన్ని ఒక సంపన్న రాష్ట్రం చట్టంగా రాసింది. ఆ తర్వాత పంటి బాధతో ఆసుపత్రుల అత్యవసర విభాగాలకు వచ్చేవాళ్ళు ఏడాదికి 1,800 మందికి పైగా పెరిగారని పరిశోధకులు లెక్కగట్టారు. సాధారణంగా అక్కడ వాళ్ళకు దొరికేది నొప్పి మాత్రలు, యాంటీబయాటిక్. పన్ను అలాగే ఉంటుంది, కొన్నాళ్ళకు నొప్పి మళ్ళీ వస్తుంది. తీసేసిన సేవలు కొంత 2014లో, పూర్తిగా 2018లో తిరిగి వచ్చాయి. ఈ మధ్యలో పోయిన పళ్ళు రాలేదు.

అదే 2009లో, అదే దేశంలో, దీనికి సరిగ్గా వ్యతిరేకమైన పని కూడా జరిగింది. అంతకు రెండేళ్ళ ముందు, 2007 ఫిబ్రవరిలో, మేరీలాండ్‌లో పన్నెండేళ్ళ అబ్బాయి పుచ్చిన పంటి నుంచి చీము మెదడుకు పాకి చనిపోయాడు. ఆ కుటుంబానికి ఉన్న మెడికెయిడ్ బీమా ఆగిపోయింది. రెండుసార్లు మెదడుకు ఆపరేషన్ చేసినా పిల్లవాడు దక్కలేదు. పన్ను తీయడానికి అయ్యేదానికి వేల రెట్లు ఆసుపత్రి ఖర్చయింది. మొదటి దంతవైద్య కళాశాల పుట్టిన రాష్ట్రంలోనే ఇది జరిగింది. ఆ మరణం దేశాన్ని కదిలించింది. 2009 ఫిబ్రవరిలో, మాంద్యం నడుమ, తక్కువ ఆదాయ కుటుంబాల పిల్లల బీమా పథకంలో దంతవైద్యాన్ని తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది.

ఫలితం ఏమిటి? 2000 తర్వాతి పదేళ్ళకు పైగా కాలంలో, మాంద్యం ఏళ్ళతో సహా, అమెరికాలో దంతవైద్యుడి దగ్గరికి వెళ్ళే పిల్లల శాతం పెరిగింది, పెద్దల శాతం తగ్గింది. ఒకే దేశం, ఒకే మాంద్యం, చాలాసార్లు ఒకే ఇల్లు. పిల్లను తీసుకుని వెళ్ళిన తల్లి తన పన్ను చూపించుకోకుండా తిరిగి వచ్చిందన్నమాట. నా వాదనకు ఇంతకంటే బలమైన ఆధారం నాకు కనబడలేదు. దంతవైద్యుడి తలుపు మూసేది మాంద్యం ఒక్కటే అయితే అది ఇద్దరికీ మూసుకోవాలి. చెల్లింపు ఏర్పాటు ఉన్నవాళ్ళకు తెరిచే ఉంది.

ఇంకా పాత ఆధారం కూడా ఉంది. 1970లలో అమెరికాలోని రాండ్ అనే పరిశోధన సంస్థ వేలమందిని రకరకాల బీమా ఏర్పాట్లలో పెట్టి వాళ్ళు వైద్యాన్ని ఎలా వాడుకుంటారో ఏళ్ళ తరబడి గమనించింది. ఉచితంగా పంటి వైద్యం దొరికినవాళ్ళు మొదటి ఏడాది ఒక్కసారిగా ఎగబడ్డారు, తర్వాత ఆ జోరు తగ్గింది. అంటే మామూలు కాలంలో కూడా ప్రతి ఇంట్లో ఒక సొరుగు, అందులో ఒక మడతల కాగితం ఉంటాయన్నమాట.

మరి ఈ గడ్డుకాలంలో పళ్ళు విశ్రాంతి తీసుకుంటాయా? బాధను పంటి బిగువున భరించడం అంటాం. ఆ మాట పుట్టించినవాళ్ళకు మనిషి దవడ గురించి బాగా తెలుసు. దిగులుతో ఉన్న మనిషి తెలియకుండానే పళ్ళు బిగిస్తాడు, నిద్రలో కొరుకుతాడు. కొరకగా కొరకగా పన్నుకు పగుళ్ళు వస్తాయి, పాత ఫిల్లింగులు ఊడతాయి. కోవిడ్ మొదలయ్యాక 2021 తొలి నెలల్లో అమెరికా దంతవైద్యుల సంఘం డాక్టర్లను అడిగితే, 70 శాతానికి పైగా మంది పళ్ళు కొరికే రోగులు పెరిగారని చెప్పారు. చేతిలో డబ్బు తగ్గిన కాలంలోనే పంటికి అవసరం పెరుగుతుంది. మిగతా ‘ఐచ్ఛిక’ ఖర్చుల్లో దేనికీ ఈ గుణం లేదు. కొత్త ఫోను కొనడం ఏడాది ఆపితే ఫోను అవసరం రెట్టింపు కాదు.

డాక్టర్ల వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి, ఇది ఇబ్బందికరమైనదే అయినా. దంతవైద్యశాల నడిపేవాళ్ళకు పరికరాల మీద అప్పులుంటాయి, సిబ్బంది జీతాలుంటాయి. కుర్చీ ఖాళీగా ఉంటే వాళ్ళకూ భయమే. అలాంటప్పుడు “క్యాప్ వేయించుకోండి” అని చెబితే అది పన్ను కోసమా, ఖాళీ కుర్చీ కోసమా అని రోగికి అనుమానం వస్తుంది. చేతిలో డబ్బు తక్కువైనప్పుడు ఆ అనుమానం ఇంకా పెరుగుతుంది. దాన్ని మనసులో పెట్టుకుని వెళ్ళకుండా ఉండిపోవడం కంటే నోరు తెరిచి అడగడం మేలు. ఎక్స్-రే చూపించమనండి. “ఇది ఆరు నెలలు ఆగితే ఏమవుతుంది?” అని అడగండి. నిజాయితీ గల డాక్టరు ఈ ప్రశ్నకు నొచ్చుకోరు. కొన్నింటికి “ఏమీ కాదు” అనే చెబుతారు: పళ్ళ తెల్లదనం ఆగుతుంది, వంకరపళ్ళను సరిచేయడం చాలావరకు ఆగుతుంది, నొప్పి లేని పాత ఖాళీలో కొత్త పన్ను పెట్టడం కూడా ఆగవచ్చు. చిన్న పుచ్చు ఆగదు. రక్తం కారే చిగుళ్ళు ఆగవు, ఎందుకంటే గార పేరుకుని చిగురు కింద ఎముక కరిగితే అది మళ్ళీ మామూలుగా పెరగదు. పాలపళ్ళు ఎలాగూ ఊడిపోతాయి కదా అని ఊరుకోకూడదు. దవడ వాపు, జ్వరం ఉంటే ఒక్క రోజు కూడా ఆగకూడదు. వాయిదా వేయక తప్పనివాళ్ళకు కనీసం ఏది వాయిదా వేయవచ్చో చెప్పేవాళ్ళు కావాలి. నాకు ఆ రోజు ఆ ప్రశ్న తట్టలేదు.

ముందు పళ్ళు పోతే జరిగే నష్టం మరో రకం. ఉద్యోగం వెతుక్కునే మనిషి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడుతుంటే ఎదుటివాళ్ళు ఏమనుకుంటారో వేరే చెప్పక్కర్లేదు. అమెరికాలో 2010లో వెలువడిన ఒక ఆర్థికశాస్త్ర పరిశోధన, చిన్నప్పుడు, పళ్ళను పుచ్చు నుంచి కాపాడే ఫ్లోరైడ్ కలిపిన నీళ్ళు అందిన ప్రాంతాల్లో పెరిగిన మహిళల సంపాదన దాదాపు 4 శాతం ఎక్కువని తేల్చింది. పురుషుల్లో అలాంటి తేడా కనబడలేదు. ఉద్యోగం పోవడం వల్ల పన్ను పోయి, పన్ను పోవడం వల్ల ఉద్యోగం దొరకని మనిషికి, ముఖ్యంగా స్త్రీకి, “నోరు కట్టుకుని కూడబెట్టుకో” అని సలహా ఇవ్వడం అన్యాయం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక ప్రకారం నోటి జబ్బులున్నవాళ్ళు దాదాపు 350 కోట్ల మంది. 2019లో వీటికి ప్రపంచం నేరుగా పెట్టిన ఖర్చు సుమారు 38,700 కోట్ల డాలర్లు. జనం పనిచేయలేకపోవడం వల్ల జరిగిన నష్టం మరో 32,300 కోట్ల డాలర్లు. ఇంత ఖర్చయ్యే జబ్బుల్లో ఎక్కువ భాగం ఆపగలిగినవి, ఆపే సాధనాలు చవకైనవి. 2021లో ఆ సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో ఫ్లోరైడ్ టూత్‌పేస్టును, పుచ్చును అక్కడికక్కడే ఆపే సిల్వర్ డయామిన్ ఫ్లోరైడ్ ద్రావణాన్ని, పంటి గుంటను పూడ్చే గ్లాస్ అయానమర్ సిమెంటును చేర్చారు. ఆ ద్రావణాన్ని చిన్న బ్రష్‌తో పూస్తారు. డ్రిల్లు అక్కర్లేదు, మత్తు ఇంజెక్షన్ అక్కర్లేదు. పుచ్చిన భాగం నల్లబడుతుంది, చూడడానికి బాగుండదు, కానీ చాలా పళ్ళలో పుచ్చు ముందుకు పోకుండా ఆగుతుంది. మాంద్యంలో కోత పెట్టక తప్పదనే ఆర్థికమంత్రులు ఇలాంటి వాటిని కోతకు అందనంత దూరంలో పెట్టాలి. వీలైతే ఆ ఏళ్ళలోనే వాటికి డబ్బు పెంచాలి.

మా తమ్ముడికి ఈ మధ్యే ఉద్యోగం పోయింది. చల్లనీళ్ళు తాగితే కుడి వైపు జివ్వుమంటోందని మాటల్లో అన్నాడు. చూపించుకోమన్నాను. “ముందు ఉద్యోగం రానీ అక్కా. పన్ను ఎక్కడికి పోతుంది?” అన్నాడు. “నాది పోయింది కదరా” అన్నాను. ఫోనులో కాసేపు వాడేమీ మాట్లాడలేదు.

మర్నాడు ఇద్దరం వెళ్ళాం. డాక్టరు ఎక్స్-రేను తెర మీద పెద్దది చేసి చూపించారు. రెండు దవడ పళ్ళు ఆనుకునే చోట చిన్న నీడ. “ఆరు నెలలు ఆగితే ఏమవుతుందండీ?” అని వాడే అడిగాడు. “నరానికి ఇంకా దూరంగానే ఉంది. ఆరు నెలల తర్వాత కూడా ఇంతే ఉంటుందని నేను చెప్పలేను” అన్నారాయన. ఫిల్లింగ్‌కు ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. ఫీజు నేను కట్టాను. ఉద్యోగం రాగానే ఇస్తానని ఆ అంకెను ఫోనులో రాసుకున్నాడు. మూడు రోజుల తర్వాత ఒక ఇంటర్వ్యూకు వెళ్ళాడు. ఇంకా కబురు రాలేదు.